పసిబిడ్డతో విమాన ప్రయాణం: వెంట ఉండవలసిన పత్రాలు

పాఠం 14

14.1 ఈ పాఠం ఎందుకు?

కిందటి పాఠంలో మీరు దరఖాస్తు రాసే పద్ధతి నేర్చుకున్నారు. ఈ పాఠంలో దరఖాస్తుతో ముడిపడిన మరొక నిత్యజీవిత విషయం తెలుసుకుందాం. చంటిబిడ్డను ఎత్తుకొని విమానం ఎక్కవలసి వస్తే ఏ కాగితాలు దగ్గర ఉండాలి, అవి ఎక్కడ దొరుకుతాయి, వాటిని ఎప్పుడు సిద్ధం చేసుకోవాలి అన్నదే ఈ పాఠంలోని విషయం.

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• పెద్దల గుర్తింపు పత్రానికి, బిడ్డ వయసు రుజువుకు గల తేడాను వివరించగలుగుతారు.
• జనన నమోదుకు ఉన్న గడువులను చెప్పగలుగుతారు.
• జనన ధ్రువపత్రంలోని వివరాలను సరిచూసుకోగలుగుతారు.
• బిడ్డ పేరు చేర్చమని కోరుతూ దరఖాస్తు రాయగలుగుతారు.

14.2 చాతం నుంచి బయలుదేరిన ఒక తల్లి

అండమాన్ దీవుల ముఖ్యపట్టణం పోర్ట్ బ్లెయిర్. దీనికి శ్రీ విజయపురం అని పేరు మారుస్తున్నట్లు 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఈ పట్టణాన్ని ఆనుకొని, వంతెనతో కలిసి ఉన్న చిన్న దీవి చాతం. 1883లో మొదలైన సా మిల్లు, అంటే కలప కోత మిల్లు, ఇక్కడే ఉంది. అవతలి బాంబూఫ్లాట్‌కు మనుషులను, వాహనాలను చేరవేసే ఫెర్రీలు చాతం జెట్టీ నుంచే బయలుదేరుతాయి. అండమాన్‌లో మన తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో ప్రతి నూరుమందిలో దాదాపు పదముగ్గురి మాతృభాష తెలుగు. వీరిలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చినవారే.

అలాంటి ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. భర్తకు చాతంలో పని. భార్య నలభై రోజుల బాలింత. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆమె తండ్రికి పక్షవాతం వచ్చిందని ఫోను వచ్చింది. "మనవణ్ణి ఒక్కసారి చూడాలంటున్నారమ్మా" అని తల్లి ఏడ్చింది. విశాఖపట్నం ఇక్కడికి దాదాపు 1200 కిలోమీటర్ల దూరం. ఓడలో వెళ్తే రెండు మూడు రోజుల ప్రయాణం. పైగా ఓడ రోజూ ఉండదు. అందుకని భర్త విమానం టికెట్టు కొన్నాడు. ఆయనకు సెలవు దొరకలేదు. తల్లి, బిడ్డ మాత్రమే బయలుదేరారు.

విమానాశ్రయం తలుపు దగ్గర ఆమె ఆధార్ కార్డు, టికెట్టు చూసి భద్రతా సిబ్బంది లోపలికి పంపారు. టికెట్టు లేనివారిని లోపలికి రానివ్వరు కాబట్టి భర్త బయటే ఆగిపోయాడు. విమాన సంస్థ కౌంటరు దగ్గర ఉద్యోగిని హిందీలో అడిగింది:

"బాబు వయసుకు రుజువు ఏదండీ?"

ఆమె తన ఆధార్ కార్డే మళ్లీ ఇచ్చింది.

"ఇది మీదండీ. బాబుది కావాలి."

ఆమెకు కాళ్లు వణికాయి. జనన ధ్రువపత్రం ఇంకా తీసుకోలేదు. "బిడ్డకు పేరే పెట్టలేదు, పేరు లేకుండా పత్రం ఎలా ఇస్తారు?" అని ఇంట్లో అందరూ ఊరుకున్నారు. ఆమె బయట ఉన్న భర్తకు ఫోను చేసింది. "బాబు గుడ్డల సంచీ పక్క అరలో చూడు. టీకాల కార్డు అందులోనే పెట్టాను" అన్నాడాయన. ఆసుపత్రి ముద్రతో, పుట్టిన తేదీతో, తల్లి పేరుతో ఆ కార్డు దొరికింది. ఆ సంస్థ టీకాల కార్డును కూడా ఒప్పుకొనేది కావడంతో ఆమె విమానం ఎక్కగలిగింది.

ఆ కార్డు ఇంట్లోనే ఉండిపోయి ఉంటే? లేదా జనన ధ్రువపత్రమే కావాలని సంస్థ పట్టుబట్టి ఉంటే? ఈ ప్రశ్నలకు జవాబు మీరే ఊహించగలరు. కాబట్టి అసలు విషయాన్ని మొదటి నుంచి తెలుసుకుందాం.

14.3 రెండు ప్రశ్నలు, రెండు పత్రాలు

పై సంఘటనలో ఆ తల్లి పొరపాటు ఎక్కడ పడింది? విమానాశ్రయంలో మనల్ని రెండు వేరువేరు ప్రశ్నలు అడుగుతారు. ఆమె రెండింటికీ ఒకే పత్రం చాలుననుకుంది.

మొదటి ప్రశ్న: "మీరు ఎవరు?" ఇది భద్రతకు సంబంధించిన ప్రశ్న. టికెట్టు మీద ఉన్న పేరు, లోపలికి వస్తున్న మనిషి ఒక్కరేనా అని చూస్తారు. దీనికి జవాబు ఫోటో ఉన్న గుర్తింపు పత్రం. పసిబిడ్డ తల్లితో గాని తండ్రితో గాని వెళ్తున్నప్పుడు, ఆ తల్లికో తండ్రికో సరైన గుర్తింపు పత్రం ఉంటే చాలు. దేశంలో తిరిగే విమానాలకు బిడ్డకు వేరుగా గుర్తింపు పత్రం అవసరం లేదని పౌర విమానయాన భద్రతా సంస్థ 2017లో స్పష్టం చేసింది.

రెండవ ప్రశ్న: "బిడ్డ వయసెంత?" ఇది టికెట్టుకు సంబంధించిన ప్రశ్న. దీన్ని విమాన సంస్థ అడుగుతుంది. రెండు సంవత్సరాలు నిండని బిడ్డను శిశువుగా లెక్కిస్తారు. శిశువుకు వేరే సీటు ఉండదు, పెద్దవారి ఒడిలో కూర్చోబెట్టుకోవాలి. రుసుము కూడా తక్కువ. రెండేళ్లు నిండితే సీటు కొనవలసిందే. బిడ్డకు రెండేళ్లు నిండలేదని చూపించే పత్రం లేకపోతే, సంస్థ శిశువు టికెట్టును ఒప్పుకోకుండా సీటు కొనమనవచ్చు. విమానంలో సీట్లు ఖాళీ లేకపోతే ప్రయాణమే ఆగిపోవచ్చు.

ఈ రెండు ప్రశ్నలను వేరుచేసి గుర్తుంచుకుంటే ఈ పాఠంలో సగం మీకు వచ్చినట్లే.

పాఠ్యగత ప్రశ్నలు 1
(అ) భద్రతా సిబ్బంది ఎవరి గుర్తింపు పత్రం చూస్తారు?
(ఆ) బిడ్డ వయసు రుజువును ఎవరు అడుగుతారు? ఎందుకు?

14.4 పెద్దలు చూపవలసిన పత్రం

కింది వాటిలో ఏదైనా ఒకటి చాలు. అది అసలు పత్రమై ఉండాలి. ఆధార్ వంటివాటిని ప్రభుత్వ ఆప్ ద్వారా ఫోనులో కూడా చూపవచ్చు. జిరాక్సు కాగితాన్ని నమ్ముకోవద్దు.

1. ఆధార్ కార్డు
2. ఓటరు గుర్తింపు కార్డు
3. పాస్‌పోర్టు
4. పాన్ కార్డు
5. డ్రైవింగ్ లైసెన్సు
6. ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు గుర్తింపు కార్డు
7. ఫోటో ఉన్న జాతీయ బ్యాంకు పాసుపుస్తకం
8. ఫోటో ఉన్న పింఛను కార్డు

విద్యార్థి గుర్తింపు కార్డు, వికలాంగుల గుర్తింపు కార్డు కూడా ఈ జాబితాలో ఉన్నాయి. వీటిలో ఏదీ చూపలేనివారు గ్రూపు 'ఎ' గెజిటెడ్ అధికారి తన లెటర్‌హెడ్ మీద, ఫోటో అంటించి ధ్రువీకరించి ఇచ్చిన పత్రం చూపవచ్చు.

ఇక్కడ మన తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. మన ఇంటిపేరు ముందు వస్తుంది. ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మరొక కార్డులో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. వేరే రాష్ట్రాల గుమాస్తాలు ఒకోసారి ఇంటిపేరునే అసలు పేరుగా రాస్తారు. పెళ్లయిన స్త్రీకి ఒక కార్డులో పుట్టింటి పేరు, మరొక కార్డులో అత్తింటి పేరు ఉండడం కూడా మామూలే. అందుకని టికెట్టు కొనేటప్పుడు, మీరు వెంట తీసుకెళ్లబోయే కార్డును ఎదురుగా పెట్టుకొని అందులో ఉన్నట్లే అక్షరం అక్షరం రాయించండి. పిలుపు పేరుతో టికెట్టు కొనవద్దు.

14.5 బిడ్డకు చూపవలసిన పత్రం

బిడ్డ వయసుకు అన్నిటికంటె గట్టి రుజువు జనన ధ్రువపత్రం. దాన్ని కాదనే విమాన సంస్థ ఉండదు. పాస్‌పోర్టు ఉంటే అదీ పనికివస్తుంది. కొన్ని సంస్థలు ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితాన్ని, టీకాల కార్డును కూడా ఒప్పుకుంటాయి. కాని అన్ని సంస్థల నిబంధన ఒకటి కాదు. టికెట్టు కొనేముందే ఆ సంస్థ నిబంధన అడిగి తెలుసుకోవాలి.

ఐదేళ్లలోపు పిల్లలకు ఇచ్చే నీలిరంగు ఆధార్ గురించి మీరు వినే ఉంటారు. దీనికి వేలిముద్రలు, కంటిపాప ముద్రలు తీసుకోరు. బిడ్డ ఫోటో తీసి, తల్లి ఆధార్‌కు గాని తండ్రి ఆధార్‌కు గాని జతచేస్తారు. ఐదేళ్లు నిండాక వేలిముద్రలు ఇచ్చి దాన్ని నవీకరించుకోవాలి. ఇది మంచి పత్రమే. కాని దీన్ని పొందాలన్నా ముందు జనన ధ్రువపత్రం చూపాలి. అంటే వేరు అక్కడే ఉంది. మిగిలినవన్నీ దాని కొమ్మలు.

మరికొన్ని సంగతులు గుర్తుంచుకోండి.

• వయసును టికెట్టు కొన్న తేదీకి కాదు, ప్రయాణం చేసే తేదీకి లెక్కిస్తారు. వెళ్లేటప్పుడు బిడ్డకు ఇరవై మూడు నెలలు, తిరిగి వచ్చేటప్పటికి రెండేళ్లు నిండితే, తిరుగు ప్రయాణానికి సీటు కొనాలి.
• సాధారణంగా ఒక పెద్దవారి ఒడిలో ఒక శిశువునే అనుమతిస్తారు. కవల పిల్లలతో ఒక్కరే వెళ్లవలసి వస్తే ముందుగా సంస్థను సంప్రదించాలి.
• పుట్టిన కొద్దిరోజుల్లోనే ప్రయాణం తప్పకపోతే, ఎన్ని రోజుల బిడ్డను అనుమతిస్తారో, డాక్టరు సర్టిఫికెట్టు కావాలో అక్కరలేదో అడగాలి. ఇది ఒక్కో సంస్థకు ఒక్కో రకంగా ఉంటుంది.
• బిడ్డను అమ్మమ్మో, తాతయ్యో తీసుకెళ్తుంటే పైన చెప్పిన మినహాయింపు మీద ఆధారపడవద్దు. అది తల్లిదండ్రులతో వెళ్లే బిడ్డలకు చెప్పినది. అప్పుడు పెద్దవారి గుర్తింపు పత్రంతో పాటు బిడ్డ జనన ధ్రువపత్రం, ఆధార్ ఉంటే అది, తల్లిదండ్రులు సంతకం చేసిన సమ్మతి లేఖ కూడా వెంట ఉంచడం మేలు.

14.6 ఇరవై ఒక్క రోజులు

మన ఇళ్లలో పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో బారసాల చేసి బిడ్డకు పేరు పెట్టడం ఆచారం. చట్టంలోనూ ఇరవై ఒక్క రోజుల లెక్కే ఉంది. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దాని ప్రకారం బిడ్డ పుట్టిన సంగతిని 21 రోజుల్లోగా రిజిస్ట్రారుకు తెలియజేయాలి. ఆసుపత్రిలో పుడితే ఆ బాధ్యత ఆసుపత్రి వారిది. ఇంట్లో పుడితే ఇంటి పెద్దది. దారిలో వాహనంలో పుడితే వాహనం నడిపించే బాధ్యత గలవారిది. అప్పుడు వాహనం మొదట ఆగిన చోటును పుట్టిన స్థలంగా రాస్తారు.

బిడ్డ ఎక్కడ పుట్టిందో అక్కడే నమోదు చేయాలి. కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆచారం మనలో ఉంది కదా! చాతంలో కాపురమున్న తల్లికి టెక్కలిలో కాన్పయితే, నమోదు టెక్కలిలోనే జరగాలి. చాతం తిరిగి వచ్చాక ఇక్కడ చేయించుకుందామంటే కుదరదు. సముద్రం దాటి మళ్లీ వెళ్లే శ్రమ తప్పాలంటే, పుట్టింటి నుంచి బయలుదేరకముందే ధ్రువపత్రం చేతికి తీసుకోవాలి.

గడువు దాటితే ఏమవుతుంది?

• 21 రోజులు దాటి 30 రోజుల లోపల: ఆలస్య రుసుము కట్టాలి.
• 30 రోజులు దాటి సంవత్సరం లోపల: జిల్లా రిజిస్ట్రారు గాని, నిర్ణయించిన అధికారి గాని రాతపూర్వకంగా అనుమతించాలి. రుసుము కూడా కట్టాలి.
• సంవత్సరం దాటితే: జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి.

గడువులోగా నమోదైతే ఖర్చేమీ లేదు. మొదటి ధ్రువపత్రం ఉచితం. 2023లో చట్టాన్ని సవరించారు. నమోదు పూర్తయిన ఏడు రోజుల్లోగా ధ్రువపత్రం ఇవ్వాలని ఆ సవరణ చెబుతోంది. దీన్ని ఎలక్ట్రానిక్ రూపంలో కూడా ఇవ్వవచ్చు.

ఆ సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తేదీన గాని, తరువాత గాని పుట్టినవారికి బడిలో చేరడానికి, ఆధార్‌కు, ఓటరు జాబితాకు, డ్రైవింగ్ లైసెన్సుకు, పాస్‌పోర్టుకు, ప్రభుత్వోద్యోగానికి పుట్టిన తేదీని, స్థలాన్ని రుజువు చేసే పత్రం జనన ధ్రువపత్రమే. ఒక్క విమాన ప్రయాణానికే కాదు, బిడ్డ జీవితమంతటికీ ఇది అవసరం.

14.7 పేరు పెట్టకపోయినా నమోదు ఆగదు

చాతం తల్లి ఇంట్లోవారు ఎక్కడ పొరబడ్డారో ఇప్పుడు మీకు తెలిసిపోయి ఉంటుంది. పేరు లేకపోయినా జననం నమోదు చేయవచ్చు. పేరు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంటుంది. తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మాత్రం ఉంటాయి. విమాన సంస్థకు కావలసింది ఆ తేదీయే. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోగా ఎప్పుడైనా రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తరువాత 15 సంవత్సరాల వరకు ఆలస్య రుసుముతో చేర్పించవచ్చు.

కాని ఒక హెచ్చరిక. ఒకసారి చేర్చిన పేరును మార్పించుకోవడం తేలిక కాదు. కాబట్టి ఇంట్లో అందరూ కూర్చొని, ఇంటిపేరు ఎక్కడ ఉండాలో, ఇంగ్లీషు అక్షరాలు ఏవో తేల్చుకున్నాకే దరఖాస్తు ఇవ్వండి.

ధ్రువపత్రం చేతికి రాగానే అక్కడే నిలబడి ఈ వివరాలు చదవండి: బిడ్డ ఆడో మగో, పుట్టిన తేదీ, పుట్టిన స్థలం, తల్లి పేరు, తండ్రి పేరు, చిరునామా, నమోదు సంఖ్య, నమోదు తేదీ. తల్లిదండ్రుల పేర్లు వారి ఆధార్ కార్డుల్లో ఉన్నట్లే ఉన్నాయా అని పోల్చి చూడండి. తప్పుంటే వెంటనే దిద్దించండి. మీకు హిందీగాని ఇంగ్లీషుగాని చదవడం రాకపోతే, చదవగలిగినవారిని వెంట తీసుకువెళ్లండి. అందులో నామోషీ ఏమీ లేదు. తప్పుతో ఉన్న పత్రం తరువాత తెచ్చే ఇబ్బందే పెద్దది.

పాఠ్యగత ప్రశ్నలు 2
(అ) కాన్పు పుట్టింట్లో అయితే జననాన్ని ఎక్కడ నమోదు చేయించాలి?
(ఆ) పేరు పెట్టని బిడ్డకు జనన నమోదు చేయవచ్చా?

14.8 విదేశానికి వెళ్తే

దేశం దాటితే లెక్క మారుతుంది. అక్కడ "మీరు ఎవరు?" అన్న ప్రశ్న బిడ్డను కూడా అడుగుతారు. నెల బిడ్డకైనా సొంత పాస్‌పోర్టు ఉండాలి. తల్లి పాస్‌పోర్టు మీద బిడ్డ వెళ్లడానికి వీలులేదు. వెళ్లే దేశం వీసా అడిగితే అది కూడా వేరుగా తీసుకోవాలి. సింగపూరులోనో, గల్ఫ్ దేశాల్లోనో ఉద్యోగం చేసే భర్త దగ్గరకు చంటిబిడ్డతో వెళ్లే తల్లులు ఈ సంగతి ముందే గుర్తుంచుకోవాలి. పిల్లల పాస్‌పోర్టు దరఖాస్తుకు జనన ధ్రువపత్రం, తల్లిదండ్రులిద్దరి సంతకాలతో ప్రకటన పత్రం జతచేయాలి. పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా ఐదేళ్లు చెల్లుతుంది. పసిబిడ్డ ముఖం త్వరగా మారిపోతుంది కదా!

14.9 దరఖాస్తు నమూనా

కింది నమూనాను చూసి, మీ వివరాలతో సొంతంగా రాయండి. అండమాన్‌లో ఉన్నవారు దీన్ని హిందీలోకో ఇంగ్లీషులోకో మార్చి ఇవ్వవచ్చు. విషయక్రమం మాత్రం ఇదే.

తేదీ: ............
జనన మరణాల రిజిస్ట్రారు గారికి,
............ (కార్యాలయం, ఊరు)

అయ్యా / అమ్మా,
విషయం: జనన రిజిస్టరులో బిడ్డ పేరు చేర్చుటకు వినతి.

మాకు ............ తేదీన ............ ఆసుపత్రిలో మగబిడ్డ / ఆడబిడ్డ జన్మించింది. జననం మీ కార్యాలయంలో ............ సంఖ్యతో నమోదైంది. అప్పటికి బిడ్డకు పేరు పెట్టలేదు. ఇప్పుడు ............ అని పేరు పెట్టాము. దయచేసి ఆ పేరును రిజిస్టరులో చేర్చి, కొత్త ధ్రువపత్రం ఇప్పించవలసిందిగా కోరుతున్నాము. మా ఇద్దరి గుర్తింపు పత్రాల నకళ్లు జతచేశాము.

ఇట్లు,
తల్లి సంతకం, తండ్రి సంతకం
చిరునామా: ............

14.10 భాషాంశం

"ధ్రువపత్రం" అన్న మాటను చాలామంది "ధృవపత్రం" అని రాస్తారు. అది తప్పు. ధ్రువం అంటే స్థిరమైనది, నిశ్చయమైనది. ఒక విషయం నిజమని నిశ్చయంగా చెప్పే కాగితం ధ్రువపత్రం. "నకలు" అంటే ప్రతి. దీని బహువచనం "నకళ్లు". "గడువు" అంటే ఒక పని ముగించడానికి ఇచ్చిన కాలం.

14.11 మీరు నేర్చుకున్నది

• దేశంలోపలి విమానాలకు తల్లికి లేదా తండ్రికి గుర్తింపు పత్రం, బిడ్డకు వయసు రుజువు ఉండాలి.
• వయసు రుజువుల్లో జనన ధ్రువపత్రమే గట్టిది.
• పుట్టిన చోటనే, 21 రోజుల్లోగా, పేరు లేకపోయినా జననం నమోదు కావాలి.
• విదేశానికి ప్రతి బిడ్డకూ సొంత పాస్‌పోర్టు ఉండాలి.
• పత్రాలను పెద్ద పెట్టెలో పెట్టి సామానుతో పంపేయకండి. చేతి సంచీలో ఉంచండి. పోర్ట్ బ్లెయిర్ పేరు మారింది కాబట్టి కొన్ని పత్రాల్లో పాత పేరు, కొన్నిటిలో కొత్త పేరు కనిపించవచ్చు. రెండూ ఒకే ఊరని గుర్తుంచుకోండి.

14.12 అభ్యాసం

1. మీ ఇంట్లోని చిన్నబిడ్డ జనన ధ్రువపత్రం తీసి చూడండి. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్లే ఉన్నాయేమో పోల్చి, తేడాలుంటే రాయండి.
2. అమ్మమ్మతో మనవరాలిని విమానంలో పంపుతూ తల్లిదండ్రులు రాసే సమ్మతి లేఖను పది వాక్యాలలో రాయండి.
3. చాతం తల్లి ముందుగా ఏమేం చేసి ఉంటే ఆమెకు కంగారు తప్పేది? మీ మాటల్లో రాయండి.

14.13 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. (అ) బిడ్డను తీసుకెళ్తున్న తల్లి లేదా తండ్రి గుర్తింపు పత్రం. (ఆ) విమాన సంస్థ అడుగుతుంది. బిడ్డకు రెండేళ్లు నిండలేదని, శిశువు టికెట్టు సరైనదేనని నిర్ధారించుకోవడానికి.
2. (అ) బిడ్డ పుట్టిన చోట, అంటే పుట్టింటి ఊరి పరిధిలోని రిజిస్ట్రారు దగ్గర. (ఆ) చేయవచ్చు. పేరును తరువాత చేర్పించవచ్చు.